బ్రెత్ టెస్ట్: ఊపిరి ఊదితే చాలు.. ఊపిరితిత్తుల్లో ఏ బ్యాక్టీరియా ఉందో తెలిసిపోతుందా?

వీకెండ్ రాత్రి డ్రంక్ అండ్ డ్రైవ్ చెకింగ్ ఎలా ఉంటుందో తెలుసు కదా. పోలీసులు బండి ఆపుతారు, చిన్న మెషీన్‌కి కొత్త పైపు తగిలిస్తారు, 'గట్టిగా ఊదండి' అంటారు. నాలుగైదు సెకన్లలో నంబర్ వచ్చేస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటిందా.. కేసే. సూది లేదు, రక్తం తీయడం లేదు, ల్యాబ్‌కి పంపి రిపోర్ట్ కోసం ఎదురుచూడటం అసలే లేదు.

మరి ఇదే పద్ధతిలో న్యుమోనియాను పట్టుకుంటే? దగ్గుతూ, జ్వరంతో వచ్చిన పేషెంట్ ఒక గొట్టంలోకి ఊదుతాడు. ఐదు నిమిషాల్లో 'ఇది ఫలానా బ్యాక్టీరియా' అని స్క్రీన్ మీద పేరు పడుతుంది. డాక్టర్ దానికి సరిపోయే మందే రాస్తాడు. వినడానికి సినిమా సీన్‌లా ఉంది కానీ దీని మీద ల్యాబుల్లో ఏళ్లుగా సీరియస్‌గా పని జరుగుతోంది. ఎలుకల్లో పనిచేసింది కూడా. ఆసుపత్రికి మాత్రం ఇంకా రాలేదు. ఎందుకు రాలేదు? అసలు ఊపిరిలో బ్యాక్టీరియా 'వాసన' ఎలా దొరుకుతుంది? చూద్దాం.

ఇప్పుడు ఏం జరుగుతోంది?

ముందు సమస్య అర్థం కావాలి. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ వైరస్ వల్ల రావచ్చు, బ్యాక్టీరియా వల్ల రావచ్చు, కొన్నిసార్లు ఫంగస్ వల్ల రావచ్చు. పైకి కనిపించేవి దాదాపు ఒకటే.. దగ్గు, జ్వరం, ఆయాసం. ఎక్స్‌రే తీస్తే ఛాతిలో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. కానీ ఆ మచ్చ ఎవరు పెట్టారన్నది ఎక్స్‌రే చెప్పదు.

అది చెప్పాలంటే తెమడ కావాలి. మన ఇళ్లలో కళ్లె అంటాం, కఫం అంటాం. దాన్ని డబ్బాలో పట్టి ల్యాబ్‌కి ఇస్తే, వాళ్లు దాన్ని పోషకాలున్న ప్లేట్ మీద రుద్ది, ఇంక్యుబేటర్‌లో పెడతారు. అందులో ఉన్న బ్యాక్టీరియా పెరిగి కంటికి కనిపించే చుక్కలుగా మారాలి. తర్వాత అది ఏ జాతో తేల్చాలి. ఆ తర్వాత దాని మీద ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో, ఏది పనిచేయదో పరీక్షించాలి. దీన్నే కల్చర్ అండ్ సెన్సిటివిటీ అంటారు. మొత్తం కలిపి మామూలుగా రెండు మూడు రోజులు. టీబీ బ్యాక్టీరియా అయితే మరీ నిదానం, కల్చర్‌కి వారాలు పడుతుంది.

మా అమ్మమ్మకి రెండేళ్ల క్రితం న్యుమోనియా వచ్చినప్పుడు ఈ 'రెండు మూడు రోజులు' అంటే ఏంటో నాకు తెలిసింది. అడ్మిట్ చేసిన రాత్రే రెండు యాంటీబయాటిక్‌లు మొదలుపెట్టారు. అది తప్పేం కాదు.. వయసు మీద పడినవాళ్లకి ఆలస్యం చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కానీ ఆ మందులు ఏ క్రిమికి అని అడిగితే డ్యూటీ డాక్టర్ నిజాయితీగా చెప్పాడు, 'రిపోర్ట్ వచ్చేదాకా అందాజాగానే ఇస్తాం అండీ' అని. తీరా తెమడ ఇవ్వమంటే అమ్మమ్మకి వస్తేగా! ఉమ్మి తప్ప ఏమీ రాలేదు. ఆ ఉమ్మినే పట్టి పంపాం. నాలుగో రోజు రిపోర్ట్ వచ్చింది.. 'నోట్లో మామూలుగా ఉండే బ్యాక్టీరియా మాత్రమే' అని. అంటే ఏమీ తేలలేదన్నమాట. ఆమె కోలుకుంది, అది వేరే విషయం. కానీ ఏ క్రిమి పట్టుకుందో మాకు ఇప్పటికీ తెలీదు.

ముసలివాళ్లు, పసిపిల్లలు, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు.. న్యుమోనియా వల్ల ఎక్కువ ప్రమాదం వీళ్లకే. సరిగ్గా వీళ్లే తెమడ ఇవ్వలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ఐదేళ్లలోపు పిల్లల్లో 7,40,180 మంది న్యుమోనియాతో చనిపోయారు. ఆ వయసు పిల్లల మొత్తం మరణాల్లో ఇది 14 శాతం.

ఇంకోవైపు అందాజాగా వాడే మందుల దెబ్బ. లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2019 ఒక్క ఏడాదిలో మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా ప్రపంచంలో దాదాపు 12.7 లక్షల మందిని చంపింది. ఇలాంటి మరణాల్లో అన్నింటికంటే పెద్ద వాటా ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లదే. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ వేయడం, ఒక క్రిమికి ఇంకో క్రిమి మందు వేయడం.. ఇవన్నీ కలిసే ఈ పరిస్థితిని తెచ్చాయి. కాబట్టి 'త్వరగా పేరు చెప్పే టెస్ట్' అనేది గ్యాడ్జెట్ సరదా కాదు.

బ్యాక్టీరియాకి వాసన ఉంటుందా?

ఉంటుంది. మనందరికీ ఆ వాసనలు తెలుసు కూడా. తొలకరి చినుకు పడగానే వచ్చే మట్టి వాసన ఉంది చూడండి, అది మట్టిది కాదు. నేలలో ఉండే స్ట్రెప్టోమైసిస్ లాంటి బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ అనే రసాయనానిది. ఇడ్లీ పిండి పులిసిన వాసన వేరు, పెరుగు పులిసిన వాసన వేరు, సాంబారు పాచిపోయిన వాసన వేరు. మూత తీయగానే ఏది ఏంటో అమ్మ చెప్పేస్తుంది. అక్కడ పనిచేస్తున్న సూక్ష్మజీవులు వేరు, అవి తింటున్నది వేరు, కాబట్టి వదిలే వాయువులూ వేరు.

ఊపిరితిత్తుల్లో చేరిన బ్యాక్టీరియా కూడా అంతే. అక్కడున్నది తింటుంది, పెరుగుతుంది, ఆ క్రమంలో తేలిగ్గా ఆవిరయ్యే రసాయనాలను వదులుతుంది. సైన్స్ భాషలో వీటిని వోలటైల్ ఆర్గానిక్ కాంపౌండ్స్ అంటారు.. షార్ట్‌గా వీఓసీలు. ఇవి మన ఊపిరిలో కలిసి బయటికొస్తాయి.

సూడోమోనాస్ ఎరుజినోసా అని ఒక మొండి బ్యాక్టీరియా ఉంది. ఐసీయూల్లో, వెంటిలేటర్ పేషెంట్లలో తరచూ కనిపిస్తుంది. చాలా యాంటీబయాటిక్‌లను లెక్కచేయదు. మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసేవాళ్లని అడగండి.. దీని ప్లేట్ మూత తీస్తే ద్రాక్షపళ్ల వాసన వస్తుందని చెప్తారు. ఆ వాసనకి కారణం 2-అమినోఅసిటోఫినోన్ అనే పదార్థం. ఇదే క్రిమి హైడ్రోజన్ సైనైడ్ కూడా వదులుతుంది. అవును, ఆ సైనైడే, కాకపోతే అతి స్వల్పంగా. ఇంగ్లాండ్‌లో కొందరు పరిశోధకులు సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్న పిల్లల తెమడ నుంచి పెంచిన కల్చర్లలో ఈ సైనైడ్‌ని 2005లోనే కొలిచి చూపించారు.

పాతకాలం డాక్టర్లకి ఇదేం కొత్త కాదు. షుగర్ బాగా ముదిరి కీటోన్లు పెరిగితే ఊపిరి కుళ్లిన పండు వాసన వస్తుంది. కిడ్నీలు పాడైతే అమ్మోనియా వాసన. ఊపిరితిత్తుల్లో చీముగడ్డ కడితే పక్క బెడ్ దాకా దుర్వాసన. ముక్కుతోనే సగం రోగం చెప్పేవారట. 1971లో నోబెల్ గ్రహీత లైనస్ పాలింగ్ ఈ ముక్కు పనిని మెషీన్‌కి అప్పగించాడు. మనిషి ఊపిరిని చల్లబరిచి, గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీస్తే దాదాపు 250 రకాల పదార్థాలు దొరికాయి. ఊపిరి అంటే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరే కాదని గట్టిగా తేలింది అప్పుడే.

ఎలుకల ఊపిరిలో దొరికిన గుట్టు

బ్యాక్టీరియా లంగ్ ఇన్ఫెక్షన్ల విషయంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం 2013 జనవరిలో బయటికొచ్చింది. అమెరికాలోని వెర్మాంట్ యూనివర్సిటీకి చెందిన జేన్ హిల్ బృందం దీన్ని జర్నల్ ఆఫ్ బ్రెత్ రీసెర్చ్‌లో ప్రచురించింది. (అవును, ఊపిరి మీదే ఒక జర్నల్ ఉంది.)

వాళ్లు చేసిందేంటంటే.. కొన్ని ఎలుకల ఊపిరితిత్తుల్లోకి సూడోమోనాస్ ఎక్కించారు. మరికొన్నింటికి స్టెఫైలోకాకస్ ఆరియస్. ఇంకొన్నింటికి ఏమీ ఎక్కించలేదు. 24 గంటలు ఆగి వాటి ఊపిరి సేకరించారు. ఆ ఊపిరిని సెసీ-ఎంఎస్ అనే మెషీన్‌లోకి పంపారు. పూర్తి పేరు సెకండరీ ఎలక్ట్రోస్ప్రే అయనైజేషన్ మాస్ స్పెక్ట్రోమెట్రీ. పేరు చూసి కంగారు పడొద్దు, పని సింపుల్‌గానే ఉంటుంది. విద్యుత్ చార్జ్ ఎక్కించిన సన్నటి తుంపరలోకి ఊపిరిని పంపుతారు. తుంపరలోని చార్జ్ ఊపిరిలోని అణువులకి అంటుకుంటుంది. చార్జ్ వచ్చిన అణువులను మెషీన్ బరువు ప్రకారం వేరుచేసి, ఏ బరువు అణువులు ఎన్ని ఉన్నాయో గ్రాఫ్ గీస్తుంది. ఆ గ్రాఫ్‌లోని ఎత్తుపల్లాలే ఆ ఊపిరి 'వేలిముద్ర'.

ఈ మెషీన్ స్పెషాలిటీ రెండు. ఊపిరిని ముందుగా గంటల తరబడి శుద్ధి చేయక్కర్లేదు, నిమిషాల్లో పని అయిపోతుంది. రెండోది దాని సున్నితత్వం. లక్ష కోట్ల అణువుల్లో ఒకటి వేరుగా ఉన్నా పట్టుకోగలదు. లక్ష కోట్లలో ఒకటి అంటే ఎంతో ఊహకి అందడం కష్టం. దాదాపు 32 వేల సంవత్సరాల్లో ఒక్క సెకను అనుకోండి.

రిజల్ట్ ఏంటి? ఇన్ఫెక్షన్ ఉన్న ఎలుక ఊపిరి, లేని ఎలుక ఊపిరి స్పష్టంగా తేడాగా వచ్చాయి. సూడోమోనాస్ ఎలుక ఊపిరి ఒకలా, స్టెఫ్ ఎలుక ఊపిరి మరొకలా వచ్చాయి. అంతేకాదు, సూడోమోనాస్‌లోనే రెండు వేర్వేరు స్ట్రెయిన్లు వాడితే వాటిని కూడా ఊపిరిని బట్టి వేరుచేయగలిగారు. ఒకే జాతిలోని అన్నదమ్ముల్ని గుర్తుపట్టినట్టు. అదే ఏడాది ఇన్ఫెక్షన్ మొదలైనప్పటి నుంచి శరీరం దాన్ని వదిలించుకునే దాకా ఊపిరి ముద్ర ఎలా మారుతుందో కూడా ఈ బృందం వరుసగా గమనించింది. మందు పనిచేస్తోందో లేదో చూడటానికి కూడా ఊపిరి పనికిరావచ్చన్న ఆశ అక్కడి నుంచి వచ్చింది.

అయితే నాకు ఈ పేపర్‌లో అన్నింటికంటే ఆసక్తిగా అనిపించింది ఇంకో పాయింట్. న్యూస్ హెడ్‌లైన్లలోకి ఎక్కనిది. ల్యాబ్ ప్లేట్‌లో పెంచిన బ్యాక్టీరియా వాసన గ్రాఫ్‌ని, అదే బ్యాక్టీరియా ఎలుక ఊపిరితిత్తిలో ఉన్నప్పటి గ్రాఫ్‌ని పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటిలో కలిసినవి 25 నుంచి 34 శాతం మాత్రమే! మిగతావన్నీ వేరు. ఎందుకు? ఊపిరితిత్తిలో దానికి దొరికే తిండి వేరు. పైగా అక్కడ యుద్ధం జరుగుతోంది.. శరీరం రక్షణ కణాలు దాన్ని చంపడానికి చూస్తుంటాయి, ఆ గొడవలో శరీరం కూడా తన సొంత రసాయనాలు వదులుతుంది. అంటే ఊపిరిలో వచ్చేది క్రిమి వాసన ఒక్కటే కాదు, క్రిమి ప్లస్ మన శరీరం స్పందన. అందుకే ల్యాబ్ ప్లేట్ వాసన చూసి నేరుగా పేషెంట్‌కి టెస్ట్ తయారుచేయడం కుదరదు.

మరి ఆసుపత్రికి ఎందుకు రాలేదు?

ల్యాబ్ ఎలుకలన్నీ ఇంచుమించు ఒకేలాంటివి. ఒకే తిండి, ఒకే గది, ఒకే వయసు. మనం అలా కాదు కదా. ఒకరు పొద్దున్నే ఉల్లిపాయ పెసరట్టు తిని వస్తారు. ఒకరికి సిగరెట్ అలవాటు. ఒకరికి షుగర్. ఇంకొకరికి పంటి చిగుళ్ల సమస్య, నోట్లోనే వందల రకాల బ్యాక్టీరియా. పరీక్ష చేసే గదిలో స్పిరిట్ వాసన, ఫినాయిల్ వాసన. ఇవన్నీ ఊపిరి నమూనాలోకి వచ్చేస్తాయి.

ఊదడంలో కూడా చిక్కు ఉంది. మామూలుగా ఒకసారి వదిలే గాలి అర లీటరు. అందులో మొదట వచ్చే 150 మిల్లీలీటర్ల దాకా నోరు, గొంతు, శ్వాసనాళాల్లో నిలిచి ఉన్న గాలే. ఊపిరితిత్తి లోపలి గాలి అది వెళ్లాకే వస్తుంది. ఇన్ఫెక్షన్ కబురు ఉండేది ఆ రెండో భాగంలో. అందుకే పరిశోధనలకు వాడే పరికరాలు మొదటి గాలిని వదిలేసి, తర్వాతి గాలిని మాత్రమే పట్టుకునేలా చేస్తుంటారు.

ఇంకో సమస్య గురించి టీవీల్లో పెద్దగా మాట్లాడం. మెషీన్ ఎంత కరెక్ట్‌గా ఉన్నా, జబ్బు తక్కువగా ఉన్నచోట అది చెప్పే 'పాజిటివ్'లో కొన్ని తప్పులు ఉంటాయి. దీనికి నిజమైన ఉదాహరణ ఉంది. 2022 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి ఒక కోవిడ్ బ్రెత్ టెస్ట్‌కి ఎమర్జెన్సీ అనుమతి ఇచ్చింది. ఇన్‌స్పెక్ట్‌ఐఆర్ అనే కంపెనీది. సైజు ఒక క్యారీ-ఆన్ సూట్‌కేసంత. ఊపిరిలో కోవిడ్‌తో సంబంధం ఉన్న ఐదు వీఓసీలను చూసి మూడు నిమిషాల్లోపే ఫలితం చెప్తుంది. 2,409 మందిపై చేసిన అధ్యయనంలో.. జబ్బు ఉన్నవాళ్లలో 91.2 శాతం మందిని సరిగ్గా పట్టుకుంది, లేనివాళ్లలో 99.3 శాతం మందికి లేదనే చెప్పింది.

అదిరిపోయే నంబర్లే కదా? ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యి మంది ఊదారు, అందులో 42 మందికి నిజంగా జబ్బు ఉంది అనుకుందాం. మెషీన్ 38 మందిని పట్టుకుంటుంది, నలుగురిని వదిలేస్తుంది. జబ్బు లేని 958 మందిలో ఏడుగురికి పొరపాటున 'ఉంది' అంటుంది. అంటే పాజిటివ్ వచ్చిన 45 మందిలో ఏడుగురు అమాయకులు. అందుకే ఎఫ్‌డీఏ కూడా పాజిటివ్ వస్తే మళ్లీ మాలిక్యులర్ టెస్ట్ చేసి నిర్ధారించుకోవాలని షరతు పెట్టింది. కోవిడ్ అంటే ఒక్క జబ్బు, ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్న. బ్యాక్టీరియా న్యుమోనియాలో డజను రకాల అనుమానితుల్లోంచి ఒకరి పేరు చెప్పాలి. కష్టం ఎన్ని రెట్లు పెరుగుతుందో మీరే ఊహించుకోండి.

ఒక మెలిక కూడా ఉంది. బ్యాక్టీరియా ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు. కొందరి గొంతులో, ముక్కులో న్యుమోకాకస్, స్టెఫ్ లాంటివి ఏ హానీ చేయకుండా కాపురం ఉంటాయి. ఊపిరి పరీక్ష వాటి వాసన పట్టేసి 'న్యుమోనియా' అంటే? అనవసరంగా యాంటీబయాటిక్ వాడేసినట్టే. ఏ సమస్య తీర్చడానికి టెస్ట్ తెచ్చామో అదే పెరుగుతుంది.

వాసన కోసం ఎదురుచూడటం ఎందుకు.. మనమే ఎర వేద్దాం!

ఇక్కడే కొందరు సైంటిస్టులు రూటు మార్చారు. బ్యాక్టీరియా ఏం వదులుతుందా అని వెతికే బదులు, దానికి గుర్తు పెట్టిన పదార్థం ఇచ్చి, అది విరగ్గొడితే వచ్చే ముక్కను ఊపిరిలో పట్టుకోవడం. దొంగని పట్టుకోవడానికి నంబర్లు రాసిపెట్టుకున్న నోట్లు ఇచ్చినట్టు. మన ఏసీబీ వాళ్లు చేసే పనే.

ఈ ఐడియాతో పనిచేసే టెస్ట్ మన ఊళ్లలో ఇప్పటికే ఉంది, కాకపోతే అది కడుపుకి. అల్సర్, గ్యాస్ట్రిక్ సమస్యలున్నవాళ్లకి గ్యాస్ట్రో డాక్టర్లు 'యూరియా బ్రెత్ టెస్ట్' రాస్తారు. గుర్తు పెట్టిన కార్బన్ ఉన్న యూరియా మింగిస్తారు. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉంటే తన ఎంజైమ్‌తో ఆ యూరియాని విరగ్గొడుతుంది. గుర్తున్న కార్బన్ కాస్తా కార్బన్ డయాక్సైడ్‌గా మారి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికొస్తుంది. పేషెంట్ సంచిలోకి ఊదితే దొరికిపోతుంది. క్రిమి లేకపోతే ఆ గుర్తు ఊపిరిలోకి రాదు. ఎండోస్కోపీ గొట్టం మింగే బాధ తప్పుతుంది.

ఇదే లాజిక్‌ని ఊపిరితిత్తులకి తెచ్చిన రెండు ప్రయోగాలు చెప్పుకోవాలి.

మొదటిది టీబీ మీద. టీబీ కోర్సులో ఐసోనియాజిడ్ అనే మాత్ర ఉంటుంది. ఇది నిజానికి నిద్రపోతున్న మందు. టీబీ బ్యాక్టీరియాలోని క్యాట్-జీ అనే ఎంజైమ్ దాన్ని విరగ్గొడితేనే అది మేల్కొని క్రిమిని చంపుతుంది. అంటే తన చావుని తనే నిద్రలేపుతుందన్నమాట. న్యూ మెక్సికో యూనివర్సిటీ పరిశోధకులు ఈ మందులోని నైట్రోజన్ స్థానంలో కాస్త బరువెక్కువ ఉన్న నైట్రోజన్-15ని పెట్టారు. టీబీ సోకిన కుందేళ్లకి ఇస్తే, బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టగానే ఆ బరువు నైట్రోజన్ వాయువు కొద్ది నిమిషాల్లో ఊపిరిలో బయటపడింది. 2014లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఇది వచ్చింది. ఇందులో అసలు మజా ఏంటంటే.. ఐసోనియాజిడ్‌కి లొంగని టీబీలో తరచుగా కనిపించే లోపం ఈ క్యాట్-జీ ఎంజైమ్‌లోనే. కాబట్టి ఊపిరిలో గ్యాస్ వచ్చిందంటే టీబీ ఉన్నట్టూ తెలుస్తుంది, ఈ మందుకి లొంగే రకమనీ తెలుస్తుంది. ఒక్క ఊదుడుకి రెండు సమాధానాలు. అన్నట్టు, ప్రపంచం మొత్తం టీబీ కేసుల్లో 26 శాతం మన దేశంలోనివే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 రిపోర్ట్ చెప్పింది. ఇలాంటి టెస్ట్ వస్తే ఎక్కువ ఉపయోగం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

రెండోది ఎంఐటీ నుంచి. భారత సంతతికి చెందిన సంగీతా భాటియా ల్యాబ్ 2020లో నానోకణాలు తయారుచేసింది. వాటికి తేలిగ్గా ఆవిరయ్యే అణువులను చిన్న ప్రొటీన్ దారంతో కట్టారు. ఊపిరితిత్తిలో ఇన్ఫెక్షన్ ఉంటే మన రక్షణ కణాలు ఇలాస్టేజ్ అనే ఎంజైమ్ వదులుతాయి. అది ఆ దారాన్ని కత్తిరిస్తుంది, అణువు ఊడి ఊపిరిలోకి వస్తుంది. సూడోమోనాస్ న్యుమోనియా ఉన్న ఎలుకల్లో ఇది పది నిమిషాల్లోనే సిగ్నల్ ఇచ్చింది. ఆ అణువులు మామూలు ఊపిరిలో ఉండేవి కావు కాబట్టి పెసరట్టు, సిగరెట్ గొడవ లేదు. కాకపోతే ఇది క్రిమి పేరు చెప్పదు. 'లోపల యుద్ధం జరుగుతోంది' అని మాత్రమే చెప్తుంది.

మాస్కు పెట్టుకుంటే చాలు, ఎలుక వాసన చూస్తే చాలు

ఊపిరిలో వాయువులే కాదు, అతి చిన్న తుంపరలు కూడా ఉంటాయి. టీబీ గాలి ద్వారా పాకేది వాటితోనే. మరి ఆ తుంపరల్నే పట్టుకుంటే? బ్రిటన్‌లోని లెస్టర్ యూనివర్సిటీ వాళ్లు దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో టీబీ పేషెంట్లకి లోపల ప్రత్యేక పట్టీ ఉన్న మాస్కులు ఇచ్చారు. పేషెంట్లు మాస్క్ పెట్టుకుని మామూలుగా ఊపిరి తీసుకోవడమే. తర్వాత ఆ పట్టీలో టీబీ బ్యాక్టీరియా డీఎన్ఏ కోసం వెతికారు. 24 గంటల పాటు సేకరించిన మాస్క్ నమూనాల్లో 86 శాతం పాజిటివ్ వచ్చాయి. అదే సమయంలో తీసిన తెమడ నమూనాల్లో దొరికింది దాదాపు ఐదింట ఒకదాంట్లోనే. కోవిడ్ టైమ్‌లో మనం విసుక్కుంటూ పెట్టుకున్న మాస్కు టెస్టింగ్ కిట్ కూడా కాగలదని ఎవరనుకున్నారు!

ఇక టాంజానియాలో అపోపో అనే సంస్థ పెద్ద సైజు ఆఫ్రికన్ ఎలుకలకి ట్రైనింగ్ ఇచ్చి టీబీ పట్టిస్తోంది. ఊపిరిని కాదు, తెమడ నమూనాలనే వాసన చూపిస్తారు. క్లినిక్‌లో నెగిటివ్ వచ్చిన నమూనాలను మళ్లీ ఎలుకల ముందు పెడితే, మైక్రోస్కోప్ వదిలేసిన కేసులను కూడా అవి గుర్తుపడుతున్నాయి. ఒక ఎలుక వంద నమూనాలను 20 నిమిషాల్లో చూసేస్తుంది. అవి గుర్తుపట్టినవాటిని ల్యాబ్‌లో మళ్లీ నిర్ధారించుకుంటారు. బ్యాక్టీరియాకి వాసన ఉంటుందని ఇంకా డౌట్ ఉంటే ఈ ఎలుకల్ని అడగాలి.

వచ్చాక కూడా కల్చర్ పోదు

ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. రేపు ఊపిరి టెస్ట్ వచ్చినా తెమడ డబ్బా మూలకి పోదు. క్రిమి పేరు తెలిస్తే డాక్టర్‌కి సగం పని అవుతుంది. ఆ క్రిమి ఏ మందుకి లొంగుతుందో తెలియాలంటే చాలా కేసుల్లో దాన్ని పెంచి చూడాల్సిందే. ఇప్పటికే పెద్ద ఆసుపత్రుల్లో పీసీఆర్ ప్యానెళ్లు వచ్చాయి, గంట రెండు గంటల్లో డజను పైగా క్రిముల్ని చూస్తాయి. కానీ ఖరీదెక్కువ, దానికీ తెమడో, ఊపిరితిత్తి లోపలి నుంచి తీసిన ద్రవమో కావాలి. ఊపిరి టెస్ట్ ఎక్కడ పనికొస్తుందంటే.. మొదటి రాత్రి. క్యాజువాలిటీలో, ఏ మందు మొదలుపెట్టాలి, అసలు యాంటీబయాటిక్ అవసరమా కాదా అని తేల్చుకోవాల్సిన ఆ కొన్ని గంటల్లో.

అలాగే వాట్సాప్‌లో తిరిగే 'ఊపిరి టెస్టుల'కి దీనికి సంబంధం లేదు. 2020లో 'పది సెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే మీకు కరోనా లేనట్టే' అన్న మెసేజ్ అందరి ఫోన్లకీ వచ్చింది, గుర్తుందా? అది పచ్చి అబద్ధం. ఇన్ఫెక్షన్ ఉన్న కుర్రాళ్లు చాలామంది పది సెకన్లు హాయిగా బిగబట్టగలరు. ఇన్ఫెక్షన్ లేని ముసలివాళ్లు చాలామంది బిగబట్టలేరు.

ఇంట్లో చేయగలిగే ఊపిరి పరీక్ష ఒకటుంది

మెషీన్ అక్కర్లేదు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. చిన్నపిల్లలకి దగ్గు, జలుబు ఉన్నప్పుడు ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో లెక్కపెట్టడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఇదే, ఆశా వర్కర్లకి నేర్పేదీ ఇదే. బిడ్డ ఏడవకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట లేదా ఛాతి ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. రెండు నెలల్లోపు బిడ్డకి నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీస్తున్నట్టు.. న్యుమోనియా అనుమానించాలి. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగలేకపోతున్నా, మగతగా ఉన్నా లెక్కపెట్టుకుంటూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెద్దవాళ్ల సంగతికొస్తే, డాక్టర్ తెమడ పరీక్ష రాస్తే దాన్ని సరిగ్గా ఇవ్వడం కూడా ముఖ్యమే. అమ్మమ్మ విషయంలో మాకు ఎవరూ చెప్పలేదు, తర్వాత తెలుసుకున్నాం. పొద్దున లేవగానే వచ్చే తెమడ మంచిది. ముందు మంచినీళ్లతో నోరు పుక్కిలించాలి. గట్టిగా రెండు మూడుసార్లు ఊపిరి పీల్చి, ఛాతి లోపలి నుంచి దగ్గి, చిక్కగా వచ్చేది డబ్బాలో పట్టాలి. పల్చటి ఉమ్మి పనికిరాదు. వీలైతే యాంటీబయాటిక్ మొదటి డోస్ పడకముందే నమూనా ఇవ్వాలి. కాకపోతే పేషెంట్ పరిస్థితి సీరియస్‌గా ఉంటే నమూనా కోసం మందు ఆపకూడదు. దగ్గు రెండు వారాలు దాటితే టీబీ పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా ఫ్రీ, మందులూ ఫ్రీ. వివరాలకి నిక్షయ్ టోల్ ఫ్రీ నంబర్ 1800-11-6666.